డిశ్చార్జ్ బుక్‌లో లేని కూతురు

మాజీ సైనికుల కుటుంబాల సమావేశంలో ఒక రిటైర్డ్ హవల్దార్ క్లర్క్ చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. జైహింద్ కూడా. అది చెప్పకపోతే ముందు వరుసలో ఉన్న సుబేదార్ సాబ్ ఊరుకోరు.

వెనక కుర్చీల్లో కూర్చున్న అమ్మలూ, అక్కలూ, కాస్త ముందుకు రండి. సైన్యంలో చేసి వచ్చిన తండ్రులకు ఏమేం వస్తాయో చెప్పమని నన్ను పిలిచారు. తండ్రులకు అన్నారు గానీ, చివరికి ఈ కాగితాలు పట్టుకుని తిరగాల్సి వచ్చేది మీరే. కాబట్టి మీరు వింటేనే నేను చెప్పినదానికి ఫలితం. వీళ్ళు వింటారు, సాయంత్రానికి మర్చిపోతారు. నేనూ ఆ జాతివాణ్ణే, నాకు తెలుసు.

నేను ఆర్టిలరీలో క్లర్క్‌ని. 24 ఏళ్ళు చేసి హవల్దార్‌గా ఇంటికొచ్చాను. ఫిరంగి మోత కంటే టైపు మిషన్ మోతే ఎక్కువ విన్నాను, దాచుకోవడం ఎందుకు. యూనిట్‌లో ఎవరికి బిడ్డ పుట్టినా మొదటి స్వీటు నాకే వచ్చేది. ఎందుకంటే ఆ సంగతి పార్ట్ టూ ఆర్డర్‌లో వేయాల్సింది నేను. తెలియని అమ్మల కోసం చెప్తాను. జవానుకు పెళ్ళయినా, బిడ్డ పుట్టినా యూనిట్ దాన్ని ఒక ఆర్డర్‌లో వేసి రికార్డు ఆఫీసుకు పంపుతుంది. మా ఆర్టిలరీ వాళ్ళకు నాసిక్, మరమ్మతులు చూసే ఈఎంఈ, సామాను చూసే ఆర్డ్‌నెన్స్ వాళ్ళకు మన సికింద్రాబాదే, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్. అక్కడ పేరు ఎక్కిందా, సరే. ఎక్కలేదా, బిడ్డ మీ ఇంట్లో ఉంటుంది గానీ సర్కారు లెక్కలో ఉండదు.

ఇంతమంది బిడ్డల పేర్లు ఎక్కించిన నేను నా రెండో అమ్మాయి పేరు ఎక్కించలేదు.

అది పుట్టినప్పుడు నాకు పోస్టింగ్ వచ్చింది. పాత యూనిట్‌లో వేద్దామనుకునేసరికి మూవ్‌మెంట్ ఆర్డర్ చేతికొచ్చింది. కొత్త యూనిట్‌లో చూసుకుందాం లే అనుకున్నాను. అక్కడికి వెళ్ళగానే ఇన్‌స్పెక్షన్. ఆ తర్వాత ఆ మాటే మరిచిపోయాను. పద్దెనిమిదేళ్ళు. అమ్మాయి ఇంటర్ మంచి మార్కులతో పాసై బీటెక్‌లో చేరింది. స్కాలర్‌షిప్‌కు అప్లై చేద్దామని అటక మీద నుంచి నల్ల ట్రంకు పెట్టె దింపాం. మీ అందరి ఇళ్ళలోనూ ఉంటుంది, తెల్ల పెయింటుతో నంబరూ, పేరూ రాసిన పెట్టె. అందులోంచి డిశ్చార్జ్ బుక్, అంటే సైన్యం వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే పుస్తకం, తీశాను. పిల్లల పేర్లు రాసే పేజీలో పెద్దవాడి పేరు ఉంది. దాని కింద అడ్డంగా ఒక గీత. అంతే.

అమ్మాయి పక్కనే నిలబడి చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాన్నా, ఇందులో నేను లేనుగా. మరి ఇన్నాళ్ళూ ఎవరి ఫీజు కట్టావు?" అంది. నవ్వుతూనే అంది. వాళ్ళమ్మ మాత్రం నవ్వలేదు.

తర్వాత పేరు ఎక్కించుకున్నాం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు అర్జీ, బర్త్ సర్టిఫికెట్, పదో తరగతి మెమో, ఆధార్, అఫిడవిట్, అన్నీ పంపాం. ఎనిమిది నెలలు పట్టింది. ఈలోపు స్కాలర్‌షిప్ గడువు దాటిపోయింది. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ అని మనం అనేది కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చేది. దానికి కోర్సు మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి. ఆ ఏడాది పోతే మొత్తం పోయినట్టే. అమ్మాయికి నెలకు 3,000, అంటే ఏడాదికి 36,000. బీటెక్ నాలుగేళ్ళకు 1,44,000. మెరిట్‌లో మా అమ్మాయికి వచ్చేదో రాదో దేవుడికి తెలియాలి. అప్లై చేసే దారి కూడా లేకుండా చేసింది మాత్రం నేను.

అందుకే ఇవాళ పథకాల పేర్లు చదివి వెళ్ళిపోదామని రాలేదు. పథకాలు చాలానే ఉన్నాయి. మనకు అందకుండా పోయేది ఎక్కువగా ఈ గీత దగ్గరే.

ఇంకో పెద్దమనిషి సంగతి చెప్తాను. పేరు చెప్పను, ఆయన ఈ హాల్లోనే ఉన్నా ఉండొచ్చు. ఆయన కూతురి పేరు రికార్డులో "చిట్టి" అని ఉంది. అమ్మాయి పుట్టినప్పుడు ఆయన బోర్డర్ మీద ఉన్నాడు. ఇంటావిడ ఇన్‌లాండ్ లెటర్‌లో "చిట్టి పుట్టింది, మీ పోలికే" అని రాసింది. ఆయన సంబరంగా ఆ ఉత్తరం తీసుకెళ్ళి క్లర్క్‌కు చూపించాడు. ఆ క్లర్క్ మనవాడు కాదు, ఉత్తరాది అబ్బాయి. పేరు ఏమిటని అడిగాడు, ఈయన చిట్టి అన్నాడు, అతను వేసేశాడు. ఇక్కడ బారసాల చేసి వెంకట సత్యవతి అని పెట్టారు. బడిలో, ఆధార్‌లో, అన్నిటా వెంకట సత్యవతే. నాసిక్‌లో మాత్రం ఇరవై ఏళ్ళుగా చిట్టి.

ఇలాంటివి మన తెలుగువాళ్ళకే ఎక్కువ. ఇంటిపేరు ముందు రాస్తాం, ఒక్కోసారి పొడి అక్షరంతో సరిపెడతాం. వెంకటలక్ష్మిని ఒకచోట కలిపి రాస్తాం, ఇంకోచోట విడదీస్తాం. పెళ్ళికి ముందు ఇంటిపేరు ఒకటి, తర్వాత ఇంకొకటి. అక్కడ ఇంగ్లిష్‌లో ఒక అక్షరం తేడా ఉంటే ఆన్‌లైన్‌లో అది వేరే మనిషే. పుట్టినతేదీ సంగతి సరేసరి. బళ్ళో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీ ఒకటి, ఆస్పత్రి తేదీ ఒకటి. మీ డిశ్చార్జ్ బుక్, పీపీవో అనే పెన్షన్ ఆర్డర్ కాగితం, భార్య ఆధార్, పిల్లల పదో తరగతి మెమో, ఈ నాలుగూ మంచం మీద పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకోండి. ఇవాళ ఇంటికెళ్ళి చేయగలిగిన పని ఇదే. మిగతా వాటికి ఆఫీసులు తెరవాలి.

ఇప్పుడు డబ్బుల సంగతి. అందరూ దీని కోసమే వచ్చారని నాకు తెలుసు.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ 2006లో మొదలైంది. ఏటా 5,500 మందికి ఇస్తారు, సగం అబ్బాయిలు, సగం అమ్మాయిలు. అబ్బాయికి నెలకు 2,500, అమ్మాయికి 3,000. ఇంటర్‌లోనో, డిప్లొమాలోనో 60 శాతం ఉండాలి. బీటెక్, ఎంబీబీఎస్, బీఫార్మసీ, బీఈడీ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకే ఇది. మామూలు బీఏ, బీకాంకు రాదు. వచ్చాక ఏటా పాసవుతూ 50 శాతమైనా తెచ్చుకుంటేనే కొనసాగుతుంది. ఒక్కమాట, మన ఊళ్ళలో సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లో చేసి వచ్చిన తమ్ముళ్ళు కూడా సైనిక సంక్షేమ కార్యాలయానికి వచ్చి క్యూలో నిలబడుతున్నారు. వాళ్ళూ బోర్డర్ మీద చేసినవాళ్ళే, నాకేం తేడా లేదు. కానీ వాళ్ళది హోంశాఖ. ఇదే స్కాలర్‌షిప్ వాళ్ళ పిల్లలకు హోంశాఖ వైపు నుంచి విడిగా ఉంది. మన వైపు అప్లై చేస్తే రిజెక్ట్ అవుతుంది. అన్యాయం అనిపించినా రూల్ అది, ముందే తెలిస్తే ఒక ఏడాది మిగులుతుంది.

డిగ్రీ చదివే పిల్లలకూ, బడి పిల్లలకూ ఎడ్యుకేషన్ గ్రాంట్ ఉంది. హవల్దార్, అంతకు కింది ర్యాంకు వాళ్ళకు. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, ఇద్దరు పిల్లలకు. నెలకు 1,000 ఉండేది. 2025 నవంబర్ 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు 2,000 చేశారు. ఆడపిల్ల పెళ్ళికి ఇచ్చే గ్రాంటు కూడా అప్పుడే 50,000 నుంచి లక్ష అయింది, ఇద్దరు కూతుళ్ళ వరకు. పెన్షన్ రాకుండా వచ్చేసిన వాళ్ళు, 65 దాటిన వాళ్ళు ఉంటే నెలకు 4,000 ఇచ్చేది 8,000 అయింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి కుటుంబాలూ, అయిదేళ్ళు, ఏడేళ్ళు చేసి ఇంటికొచ్చిన వాళ్ళూ ఉంటారు. మీ వీధిలో అలాంటి పెద్దాయన ఎవరైనా ఉన్నారేమో చూడండి, ఆయన తనంతట తాను అడగడు.

అడగడానికి సిగ్గుపడే వాళ్ళను చాలామందిని చూశాను. "మనకెందుకండీ, ధర్మం తీసుకున్నట్టు ఉంటుంది" అంటారు. డిసెంబర్ 7న బడి పిల్లల చొక్కాకు చిన్న జెండా గుచ్చి డబ్బులు తీసుకుంటారు చూశారా, ఫ్లాగ్ డే అని, 1949 నుంచి జరుగుతోంది. ఈ గ్రాంట్లు ఆ నిధిలోంచే వస్తాయి. మీ పిల్లలు కూడా ఆ జెండా కొన్నవాళ్ళే. ఇందులో ధర్మం ఎక్కడుంది?

బడుల సంగతి. ఇక్కడ టైము ముఖ్యం. సిపాయి పదిహేడేళ్ళ సర్వీసు చేసి ఇంటికొస్తాడు, హవల్దార్ ఇరవై నాలుగేళ్ళు చేసి. అంటే మనకు నలభై దగ్గర పడేసరికి పిల్లలు ఏడో, ఎనిమిదో తరగతి. సైనిక్ స్కూల్ ఆరో తరగతిలో చేరాలంటే పదికీ పన్నెండుకీ మధ్య వయసు. మనకు తీరిక దొరికేసరికి వాడికి పదమూడు. మళ్ళీ తొమ్మిదో తరగతిలో అవకాశం ఉంటుంది, కానీ సీట్లు తక్కువ. విజయనగరం దగ్గర కోరుకొండ 1962 నుంచి ఉంది, కలికిరి 2014లో వచ్చింది. సర్వీసులో ఉన్నవాళ్ళ, మాజీ సైనికుల పిల్లలకు విడిగా కోటా ఉంది. ఇప్పుడు ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు. కాబట్టి సర్వీసులో ఉన్న మీ తమ్ముళ్ళకు, బావమరుదులకు ఈ మాట ఫోన్ చేసి చెప్పండి. రిటైరయ్యాక చూద్దాం అనుకుంటే కుదరదు. కేంద్రీయ విద్యాలయాల్లో మాజీ సైనికుల పిల్లలకు మొదటి వరుసలోనే ప్రాధాన్యం ఉంది, అది చాలామంది వాడుకుంటూనే ఉన్నారు.

ఇంజినీరింగ్‌లో సైనికుల పిల్లలకు క్యాప్ కోటా ఉంది, 2 శాతం. కౌన్సెలింగ్‌లో ఆ గడి టిక్ పెట్టడం మర్చిపోయి, తర్వాత నా దగ్గరికి వచ్చి ఏడ్చిన వాళ్ళున్నారు. టిక్ పెట్టి, వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ పట్టుకెళ్ళాలి. ఇంకో చిక్కు లోకల్, నాన్‌లోకల్. మన పిల్లలు నాలుగో తరగతి జోధ్‌పూర్‌లో, ఏడో తరగతి తేజ్‌పూర్‌లో, పదో తరగతి అంబాలాలో చదివి ఉంటారు. ఇక్కడికొచ్చాక, "నువ్వు ఎక్కడివాడివి?" అని అడిగితే వాడికే తెలియదు. దేశం మొత్తం తిరిగిన వాడు సొంత జిల్లాలో నాన్‌లోకల్. చదివిన ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ అప్పటికప్పుడే తీసుకుని పెట్టుకోండి. పదేళ్ళ తర్వాత తేజ్‌పూర్ వెళ్ళి తెచ్చుకోవడం ఎంత కష్టమో వెళ్ళినవాళ్ళను అడగండి.

యుద్ధంలో, ఆపరేషన్లలో ప్రాణం పోయిన వాళ్ళ పిల్లలకు, అంగవైకల్యం వచ్చిన వాళ్ళ పిల్లలకు చదువు ఖర్చులు ప్రభుత్వమే భరించే పథకం వేరే ఉంది. దానికి మధ్యలో నెలకు 10,000 అని హద్దు పెట్టారు, గొడవైంది, 2018లో ఆ హద్దు తీసేశారు.

ఉద్యోగాల గురించి గట్టిగా మాట్లాడను. బ్యాంకుల్లో క్లర్క్ పోస్టుల్లో మనకు 14.5 శాతం రిజర్వేషన్ ఉంది, కష్టపడి చదివిన వాళ్ళు చేరారు. మిగతా వాళ్ళం ఏటీఎం ముందు స్టూలు మీద కూర్చున్నాం. రెండూ చూసినవాణ్ణే నేను.

ఈసీహెచ్‌ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం గురించి అందరికీ తెలుసనుకుంటారు. 2003 ఏప్రిల్ నుంచి ఉంది, పెన్షన్ వచ్చేవాళ్ళకు. ర్యాంకును బట్టి ఒక్కసారి డబ్బు కట్టాలి, హవల్దార్ వరకు 30,000, సుబేదార్ స్థాయి జేసీవోలకు 67,000. తెలియంది ఏమిటంటే పిల్లల కార్డులు ఎప్పుడు ఆగిపోతాయో. కొడుక్కి 25 నిండినా, ఉద్యోగం వచ్చినా, పెళ్ళయినా, ఏది ముందైతే అప్పుడు ఆగిపోతుంది. కూతురికి వయసు హద్దు లేదు, పెళ్ళయ్యే దాకా, సంపాదన మొదలయ్యే దాకా ఉంటుంది. భర్త పోయి గానీ, విడాకులై గానీ పుట్టింటికి వచ్చి మీ మీదే ఆధారపడితే మళ్ళీ కార్డులో చేర్చుకోవచ్చు. దీన్ని చాలామంది తండ్రులు బయటికి చెప్పుకోలేక వదిలేస్తున్నారు. కూతురు ఇంట్లోనే ఉంటుంది, జ్వరమొస్తే ప్రైవేటులో డబ్బులు కడతారు, అడిగితే "చుట్టపుచూపుగా వచ్చిందండి" అంటారు. మూడేళ్ళ చుట్టపుచూపు.

ఇక్కడ కాస్త ఆగుతాను.

కిందటేడాది ఒక నాయక్ గారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. పక్కన ముప్పై ఏళ్ళ కొడుకు. తండ్రి చొక్కా అంచు రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా వదల్లేదు. పుట్టినప్పటి నుంచీ బుద్ధి ఎదగలేదు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "మేమిద్దరం పోయాక వీడికి ఎవరు పెడతారు సాబ్?" క్యాంటీన్ కార్డు గురించి అడగడానికి వచ్చాడేమో అనుకున్నాను నేను.

అలాంటి బిడ్డకు, సొంతంగా బతుకు సంపాదించుకోలేని బిడ్డకు, తల్లిదండ్రుల తర్వాత ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వస్తుంది. 25 ఏళ్ళ హద్దు ఆ బిడ్డకు వర్తించదు. ఈసీహెచ్‌ఎస్ కూడా అలాగే. అయితే తండ్రి బతికుండగానే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఆ బిడ్డ పేరు పీపీవోలో ఎక్కించుకోవచ్చు. అది చేసి వెళ్ళాలి. చేయకుండా వెళ్తే, తర్వాత ఆ కాగితాల కోసం తిరగాల్సింది ఎవరు? బాబాయి కొడుకో, మేనత్తో. ఎన్నాళ్ళు తిరుగుతారు? నాయక్ గారి దగ్గర డిజెబిలిటీ సర్టిఫికెట్ ఉంది, ట్రంకు పెట్టెలో. అది అక్కడే ఉండటం సరిపోతుందనుకున్నాడు. మూడుసార్లు కూర్చుని ఫారాలు రాశాం. సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణికింది, కొడుకు ఆ చెయ్యి పట్టుకున్నాడు, సంతకం వంకరపోయింది. మళ్ళీ కొత్త ఫారం తెచ్చాను.

భార్యల సంగతి కూడా ఇలాగే. పెన్షన్ ఎంతో చెప్పరు. పాస్‌బుక్ ఎక్కడుందో చెప్పరు. ఇప్పుడు పెన్షన్ అంతా స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో వస్తోంది. దాని పాస్‌వర్డ్ ఆయన పాత ఫోన్‌లో ఉంటుంది, ఆ ఫోన్ నంబరు రీఛార్జ్ చేయక ఆగిపోయి ఉంటుంది. ఓటీపీ ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుందని ఆయనకు తెలుసు, ఆవిడకు తెలియదు. ఆయన పోయాక నాలుగు నెలలు ఆవిడ అదే ఖాతాలో పడిన పెన్షన్ తీసుకుంటుంది. ఫ్యామిలీ పెన్షన్ మంజూరయ్యేటప్పుడు ఆ ఎక్కువ తీసుకున్నదంతా పట్టుకుంటారు. ఆవిడేమో మోసం చేశానేమోనని హడలిపోతుంది. ఖాతా ఇద్దరి పేరా జాయింట్‌గా పెట్టండి. పీపీవో నంబరు గోడమీద క్యాలెండర్ వెనక రాసి పెట్టినా చాలు.

ఇంకొకటి. దీనికి ఫారం లేదు గానీ చెప్పక తప్పదు. మనం ఇంటికొచ్చిన కొత్తలో పిల్లలకు మనం ఎవరమో తెలియదు. ఏడాదికి రెండు నెలల సెలవులో వచ్చే మనిషి మనం. స్వీట్లు, బొమ్మలు తెచ్చే మనిషి. ఆ మనిషి తిరిగి వెళ్ళకుండా ఇంట్లోనే ఉండిపోయి, పొద్దున్న అయిదున్నరకు దుప్పటి లాగితే వాళ్ళకు ఎలా ఉంటుంది? నేను మా పెద్దవాణ్ణి అలాగే లేపేవాణ్ణి. బూట్లు వరుసలో లేకపోతే అరిచేవాణ్ణి. వాళ్ళమ్మ అంది, "ఇది బ్యారక్ కాదు, వాడు రిక్రూట్ కాదు" అని. నాకు కోపం వచ్చింది. క్యాంటీన్ కోటా బాటిల్ ఉంది కదా, సాయంత్రం దానితో కూర్చున్నాను. అలా కొన్ని నెలలు కూర్చున్నాను. అంతకంటే వివరం ఇక్కడ అనవసరం, అర్థమైనవాళ్ళకు అర్థమైంది. నిద్ర పట్టకపోయినా, కోపం ఆగకపోయినా 14416 అని టెలీ మానస్ నంబరు ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. మీ పేరు ఎవరికీ చెప్పరు. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ డాక్టరుకు చెప్పినా మానసిక వైద్యుడికి రెఫర్ చేస్తారు. బీపీకి మాత్రలు వేసుకోవడానికి సిగ్గుపడం కదా.

టైమైపోయిందని చెయ్యి ఊపుతున్నారు. ప్రశ్నలు ఒకటి, రెండు తీసుకుంటాను.

చెప్పండి బాబాయి. ఆ, మీ అమ్మాయి పెళ్ళి. గ్రాంటుకు పెళ్ళయిన 180 రోజుల్లోపు అప్లై చేయాలి. మీదెప్పుడయింది? మొన్న మాఘమాసంలోనా, అయితే టైముంది. మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకున్నారా? తీసుకోలేదా. శుభలేఖ ఒక్కటే సరిపోదు బాబాయి, రిజిస్టర్ చేయించండి. అమ్మాయి పేరు డిశ్చార్జ్ బుక్‌లో ఉందా? ఉందనుకుంటున్నారా, చూశారా? మీ ఇల్లు ఈ పక్క వీధే కదా. మేం టీ తాగేలోపు వెళ్ళి ఆ బుక్కు పట్టుకురండి, ఇక్కడే చూసేద్దాం.